హైదరాబాద్ టీమ్‌కి డెవలప్‌మెంట్ అప్పగించే ముందు మీ ఓనర్‌తో తేల్చుకోవాల్సినవి

ప్రశ్న: డల్లాస్ దగ్గర ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. ట్రక్కింగ్ కంపెనీలకి డిస్పాచ్ సాఫ్ట్‌వేర్ (ఏ డ్రైవర్‌కి ఏ లోడ్ ఇవ్వాలో చూసేది) తయారుచేసి అమ్ముతాం. ఇక్కడున్న ముగ్గురు డెవలపర్లని తీసేసి, అదే డబ్బుతో హైదరాబాద్‌లో ఒక కంపెనీ ద్వారా ఆరుగురి టీమ్ పెడదామని మా ఓనర్ అంటున్నాడు. నాకు తెలుగు వచ్చు కాబట్టి కోఆర్డినేటర్‌గా నన్నే ఉండమంటున్నాడు. ఒప్పుకోవచ్చా? ఎక్కడెక్కడ తేడా కొడుతుంది?

సమాధానం:

ఒప్పుకోవచ్చండీ, కానీ ఆ ముగ్గుర్నీ ఒకేసారి పంపించేసే పద్ధతి అయితే ఒప్పుకోవద్దు. ఎందుకో వివరంగా చెబుతాను, కొంచెం పొడుగవుతుంది. నేను మొదట మాదాపూర్‌లో డెలివరీ వైపు పనిచేశాను, తర్వాత అమెరికాలో క్లయింట్ వైపు కూర్చుని అలాంటి టీమ్‌లకే పని ఇచ్చాను. రెండు వైపులా మనుషులు ఎక్కడ నలిగిపోతారో చూశాను కాబట్టి చెబుతున్నాను.

ముందు ఒక అపోహ పక్కన పెట్టండి. హైదరాబాద్‌లో పని వచ్చినవాళ్ళు దొరకరేమో అన్న భయం అక్కర్లేదు. 1998లో సైబర్ టవర్స్ మొదలైన దగ్గర్నుంచి ఆ ఊళ్ళో ఎన్ని పెద్ద ప్రాడక్ట్‌ల పని జరిగిందో, ఇప్పుడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఎన్ని విదేశీ కంపెనీలు సొంత ఆఫీసులే పెట్టుకున్నాయో మీకు తెలియంది కాదు. కోడ్ రాయడం సమస్య కాదు. మీ సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలో మీ కంపెనీలో ఎక్కడా రాసి ఉండదు, అది ఆ ముగ్గురు డెవలపర్ల తలల్లో, మీ సపోర్ట్ వాళ్ళ తలల్లో ఉంటుంది. వాళ్ళని పంపించేసిన రోజు అది కూడా బయటికి పోతుంది. మిగతా తిప్పలన్నీ దాదాపు ఇక్కడి నుంచే పుడతాయి.

మీ ట్రక్కింగ్ వ్యవహారమే తీసుకుందాం. స్పెక్‌లో, అంటే సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో రాసిచ్చే పత్రంలో, "డ్రైవర్ 11 గంటలు మించి నడపకూడదు, మించబోతుంటే ఆ లోడ్ ఇవ్వనివ్వకూడదు" అని రాశారనుకోండి. ఇక్కడ మీ పాత డెవలపర్‌కి ఆ వాక్యం చాలు. ఎందుకంటే అతనికి రూల్ తెలుసు: వరసగా 10 గంటలు విశ్రాంతి తీసుకున్న తర్వాతే ఆ 11 గంటలు మళ్ళీ మొదలవుతాయి, పైగా డ్యూటీ ఎక్కిన దగ్గర్నుంచి 14 గంటలు దాటితే నడిపే గంటలు మిగిలున్నా బండి తీయకూడదు, 8 గంటలు నడిపాక 30 నిమిషాల బ్రేక్ ఉండాలి, బండిలోనే ఉండే స్లీపర్ బెర్త్‌లో పడుకుంటే లెక్క ఇంకో రకంగా ఉంటుంది. కొండాపూర్‌లో కూర్చున్న కుర్రాడు అమెరికా ట్రక్ డ్రైవర్ లాగ్ జన్మలో చూసి ఉండడు. రోజుకి 11 గంటలు అని అర్థం చేసుకుని, అర్ధరాత్రి 12కి కౌంటర్ సున్నా అయ్యేలా రాస్తాడు. సాయంత్రం 4కి డ్యూటీ ఎక్కి అప్పటికే 7 గంటలు నడిపిన డ్రైవర్‌కి, 12 దాటగానే మీ స్క్రీన్ మీద మళ్ళీ పూర్తి 11 గంటలు కనిపిస్తాయి. డిస్పాచర్ ఇంకో లోడ్ వేస్తాడు. రూల్ తప్పినట్టు నమోదయ్యేది ఆ డ్రైవర్ పేరు మీద, ఆ ట్రక్కింగ్ కంపెనీ పేరు మీద.

ఇందులో ఆ కుర్రాడి తప్పేముంది చెప్పండి? స్పెక్‌లో ఉన్నదే చేశాడు. వాళ్ళ టెస్టర్ కూడా అదే స్పెక్ చదివి అదే అర్థంతో టెస్ట్ కేసులు రాశాడు, అన్నీ పాసయ్యాయి, రిపోర్ట్ అంతా పచ్చగా మీ మెయిల్‌కి వస్తుంది. అందుకే వాళ్ళు రాసుకున్న టెస్ట్ కేసులు పాసయ్యాయి అన్న మాటతో నేను ఎప్పుడూ సరిపెట్టుకోను. మీ వైపు నుంచి ఒక మనిషి, నిజంగా జరిగిన పది ట్రిప్పుల లాగ్‌లలో డ్రైవర్ల వివరాలు తీసేసి, ఏ ట్రిప్‌కి ఏ జవాబు రావాలో ముందే రాసి వాళ్ళకి ఇవ్వాలి. వంద పేజీల స్పెక్ కన్నా ఆ పది ఉదాహరణలు ఎక్కువ పనిచేస్తాయి.

గడియారం సంగతీ అంతే. ఇండియా మొత్తానికి ఒకటే టైమ్, మార్చిలో ముందుకి జరపడం, నవంబర్‌లో వెనక్కి జరపడం ఉండవు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం రాత్రి 2 తర్వాత ఒక గంట ఉండనే ఉండదు, నవంబర్ మొదటి ఆదివారం ఒక గంట రెండుసార్లు వస్తుంది. టెక్సాస్‌లో బయల్దేరి, ఈ మార్పు చాలావరకు పాటించని అరిజోనా దాటే ట్రక్‌కి ఈ టైమ్ తేడాలు రోజువారీ వ్యవహారం. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన డెవలపర్‌కి ఇది పుస్తక జ్ఞానంగా తెలుసు కానీ, డెలివరీ టైమ్ రాసేటప్పుడు దానంతట అదే గుర్తుకు రాదు. మీరే గుర్తుచేయాలి, ఉదాహరణల్లో పెట్టాలి.

ఇక మీకూ వాళ్ళకీ మధ్య ఉన్న తేడా. డల్లాస్‌కీ హైదరాబాద్‌కీ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. "మనం పడుకున్నప్పుడు వాళ్ళు పనిచేస్తారు, 24 గంటలూ పని నడుస్తుంది" అని సేల్స్ వాళ్ళు చెప్పే మాటని మీ ఓనర్ నమ్మి ఉంటాడు. అసలు జరిగేది చూడండి. అక్కడ పొద్దున 11కి డెవలపర్‌కి ఒక చిన్న అనుమానం వస్తుంది. మీకు అప్పుడు రాత్రి పన్నెండున్నర. మీరు పొద్దున 8కి చూసి జవాబిచ్చేసరికి వాళ్ళకి సాయంత్రం ఆరున్నర. ఒక్క ప్రశ్నకి వాళ్ళ రోజు పోయింది. ఇలా రెండుసార్లు ఇరుక్కున్న డెవలపర్ మూడోసారి అడగడు, తనకి తోచినట్టు రాసేసి ముందుకి వెళ్తాడు. సోమరితనం కాదది. సాయంత్రం స్టాండప్‌లో (రోజూ జరిగే చిన్న మీటింగ్‌లో) "ఏమీ కాలేదు" అని చెప్పలేక.

దీనికి చాలామంది చేసే పని, టీమ్‌ని మొత్తం రాత్రి షిఫ్ట్‌లో కూర్చోబెట్టడం. దయచేసి ఆ పని చేయించకండి. పెళ్ళయి, చిన్న పిల్లలున్నవాళ్ళు రోజూ రాత్రి రెండింటి దాకా పనిచేస్తే కొన్నాళ్ళకే ఇంకో ఉద్యోగం చూసుకుంటారు, ముందుగా వెళ్ళిపోయేది కూడా బాగా పనివచ్చినవాళ్ళే. రోజుకి రెండు గంటలు రెండు వైపులా కలిస్తే చాలు. ఆ రెండు గంటలు స్టేటస్ చెప్పుకోవడానికి కాకుండా అనుమానాలు తీర్చడానికే వాడాలి. స్టేటస్ రాసి పెట్టొచ్చు కదా. డెవలపర్ తన అనుమానంతో పాటు "జవాబు రాకపోతే నేను ఇలా చేస్తాను" అని కూడా టికెట్‌లో (ఆ పనిని నమోదు చేసుకునే చోట) రాసే అలవాటు పెట్టండి. మీరు పొద్దున లేచి "సరే" అంటే పని ఆగదు, "వద్దు" అంటే ఒక్క రోజే పోతుంది.

"వాళ్ళు అన్నిటికీ సరే అంటారు, తర్వాత చేయరు" అని మీ అమెరికన్ మేనేజర్లు త్వరలోనే అంటారు. దీన్ని మన వాళ్ళ స్వభావంగా చెప్పేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. క్లయింట్ కాల్‌లో "ఈ తేదీకి కుదరదు" అన్న డెవలపర్‌కి కాల్ అయ్యాక ఏమవుతుందో నేను చూశాను: డెలివరీ మేనేజర్ పక్కకి పిలిచి, క్లయింట్ ముందు అలా అంటావా, బిల్లింగ్ పోతే ఎవరు చూస్తారు అని అడుగుతాడు. ఆ మేనేజర్‌కి పైనుంచి అదే ఒత్తిడి. అలాంటప్పుడు "అవుతుందా?" అని అడిగితే వేరే జవాబు ఎలా వస్తుంది? "అవుతుందా" అని అడగడం మానేసి, ప్రతి గురువారం ఆ వారం చేసింది నడిపి చూపించమనండి. స్లైడ్లు వద్దు, సగమైనా సరే, నడిచే స్క్రీన్ కావాలి. ఇంకోటి, చెడు వార్త ముందుగా చెప్పిన మనిషిని అందరి ముందూ మెచ్చుకోండి, అతని మేనేజర్‌కి కూడా మెయిల్ పెట్టండి. రెండుమూడు సార్లు అలా చేస్తే టీమ్ అంతా నోరు విప్పుతుంది.

మీ ఓనర్ "మనం చిన్నవాళ్ళం, పెద్ద కంపెనీలకి ఇవన్నీ జరగవు" అంటే బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంక్ కథ చెప్పండి. 2015లో ఆ బ్యాంక్‌ని స్పెయిన్‌కి చెందిన సబాడెల్ బ్యాంక్ కొన్నది. పాత సిస్టమ్ అంతకుముందు యజమాని లాయిడ్స్ బ్యాంక్ వాళ్ళది, దాన్నుంచి బయటపడటానికి కొత్తది కట్టే పని సబాడెల్ గ్రూప్‌లోని ఐటీ కంపెనీ సాబిస్‌కి ఇచ్చారు. అంటే సొంత గ్రూప్ కంపెనీయే, దగ్గరి దేశమే, టైమ్ తేడా ఒక్క గంట. 2018 ఏప్రిల్‌లో ఒక వారాంతంలో 52 లక్షల మంది కస్టమర్ల వివరాలు కొత్త సిస్టమ్‌కి మార్చారు. సోమవారానికల్లా 19 లక్షల మంది వరకు తమ ఖాతాలోకి వెళ్ళలేకపోయారు, కొందరికి వేరేవాళ్ళ ఖాతాలు కనిపించాయి. బ్యాంక్‌కి 33 కోట్ల పౌండ్ల దాకా ఖర్చయింది, ఆ సెప్టెంబర్‌లో సీఈఓ దిగిపోయాడు, 2022 డిసెంబర్‌లో రెగ్యులేటర్లు 4 కోట్ల 86 లక్షల పౌండ్ల పైన జరిమానా వేశారు.

జరిమానా మాట అటుంచండి, కారణాలు మీకు పనికొస్తాయి. సాబిస్ కింద 85 సబ్‌కాంట్రాక్టర్లు ఉన్నారు. అంతా సిద్ధమేనా అని బ్యాంక్ అడిగితే సాబిస్ సిద్ధమేనని రాసిచ్చింది, కానీ ఆ కింది వాళ్ళందరి సంగతి నిజంగా ఎవరు చూశారన్నది బ్యాంక్ గట్టిగా తేల్చుకోలేదు. తర్వాత జరిగిన విచారణలో, ఉన్న రెండు డేటా సెంటర్లలో ఒకదాన్నే లోడ్ టెస్ట్ (ఒకేసారి చాలామంది వాడితే తట్టుకుంటుందా అన్న పరీక్ష) చేశారని బయటపడింది. 2023లో బ్యాంక్ మాజీ సీఐఓకి (ఐటీ విభాగం అధిపతికి) వ్యక్తిగతంగా 81,620 పౌండ్ల జరిమానా పడింది, అవుట్‌సోర్సింగ్ మీద సరైన పర్యవేక్షణ పెట్టలేదని. కట్టింది సాబిస్ అయినా జవాబు చెప్పుకోవాల్సింది బ్యాంకే. పెళ్ళి వంటలు కాంట్రాక్ట్‌కి ఇచ్చినా బంతి వేసే ముందు రుచి చూడాల్సింది మన ఇంటి మనిషే కదా. మీ కంపెనీలో ఆ రుచి చూసే మనిషి ఎవరు? ముగ్గుర్నీ పంపించేస్తే ఎవరూ ఉండరు. మీరు కోఆర్డినేటర్ అంటే, ఆ పని కూడా మీ మీదే పడుతుంది, పేరు లేకుండా.

టీమ్ ఎవరన్నది కూడా చూసుకోండి. ఆరుగురు అని చెప్పినప్పుడు ఆ ఆరుగురి పేర్లు అడగండి, ప్రతి ఒక్కరితో కెమెరా ఆన్ చేయించి మీరే మాట్లాడండి, చిన్న కోడ్ మీ ముందే రాయించండి. ఇంటర్వ్యూ ఒకరు ఇవ్వడం, పనిలో ఇంకొకరు చేరడం జరిగే ఊరు మనది, దాచుకోవడం ఎందుకు. మొదటి నెల గట్టి సీనియర్‌ని చూపించి, తర్వాత అతన్ని మెల్లగా కొత్త క్లయింట్‌కి పంపి, మీ దగ్గర ఫ్రెషర్లని బిల్ చేయడం కూడా మామూలే. కీలకమైన ఇద్దరి పేర్లు కాంట్రాక్ట్‌లో రాయించండి, వాళ్ళని మార్చాలంటే మీ అనుమతి కావాలని, కొత్తగా వచ్చినవాళ్ళు పని నేర్చుకునే వారాలకి బిల్ వేయకూడదని కూడా. రాజీనామాలని మాత్రం ఏ కాంట్రాక్టూ ఆపలేదు. అక్కడ నోటీస్ పీరియడ్ 60 రోజులు, 90 రోజులు ఉంటుంది కాబట్టి కాస్త వ్యవధి దొరుకుతుంది. రాజీనామా పెట్టిన రోజే మీకు చెప్పాలన్న షరతు పెట్టుకోకపోతే, ఆఖరి వారంలో హడావుడిగా కేటీ (తనకి తెలిసిన పని ఇంకొకరికి నేర్పి అప్పగించడం) పెట్టి చేతులు దులుపుకుంటారు.

ఇప్పుడు మీ గురించి. తెలుగు రావడం మీకు బలమే, టీమ్ మీతో మనసు విప్పి మాట్లాడుతుంది. అదే మీకు చిక్కు కూడా అవుతుంది. రాత్రి వాట్సాప్‌లో తెలుగులో మీరూ ఒక డెవలపరూ తేల్చేసుకున్న విషయం టికెట్‌లోకి ఎక్కదు. ఇక్కడి సపోర్ట్ వాళ్ళకి తెలియదు, అక్కడి టెస్టర్‌కీ తెలియదు. మూడు నెలల తర్వాత "ఇలా చేయమని ఎవరన్నారు" అంటే మీ పేరే వస్తుంది. మాట్లాడటం తెలుగులో మాట్లాడుకోండి, బాగా మాట్లాడుకోండి, కానీ ఫోన్ పెట్టగానే రెండు లైన్లు టికెట్‌లో ఇంగ్లిష్‌లో రాయాలన్న నియమం మీకు మీరే పెట్టుకోండి. ఇంకో సంగతి, వాళ్ళు ఆలస్యం చేస్తే "మీవాళ్ళు" అని ఓనర్ మిమ్మల్ని అంటాడు, ఓనర్ బిల్ ఆపితే "మీ క్లయింట్" అని వాళ్ళూ మిమ్మల్నే అడుగుతారు. కాబట్టి మీ పాత్ర ఏమిటో ముందే కాగితం మీద పెట్టించండి: ప్రాధాన్యం నిర్ణయించేది ఎవరు, చేసిన పని సరిగ్గా ఉందని ఒప్పుకునేది ఎవరు, బిల్లు పాస్ చేసేది ఎవరు. పగలు డల్లాస్ ఆఫీసు, రాత్రి హైదరాబాద్ కాల్స్ రెండూ మీ నెత్తిన వేస్తే ఆరోగ్యం పాడవుతుంది, పగటి గంటలు తగ్గించమని అడగడానికి మొహమాటపడకండి.

డబ్బు లెక్క కూడా ఓనర్‌కి చూపించాల్సిందే, ముఖ్యంగా పన్ను. ఇది చాలామంది చిన్న ఓనర్లకి తెలియదు. 2022 నుంచి అమెరికా పన్ను చట్టం సెక్షన్ 174 ప్రకారం, విదేశంలో చేయించిన సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ ఖర్చుని ఆ ఏడాదే పన్ను లెక్కలో ఖర్చు కింద పూర్తిగా రాసుకోవడం కుదరదు, 15 ఏళ్ళ మీద పంచాలి. దేశంలో చేయించిన దానికి 5 ఏళ్ళు ఉండేది, 2025 చట్టంతో దేశంలోని ఖర్చుని మళ్ళీ అదే ఏడాది రాసుకోనిచ్చారు. విదేశీ ఖర్చుకి మాత్రం 15 ఏళ్ళు అలాగే ఉంది. ఉదాహరణకి హైదరాబాద్‌కి ఏడాదికి 3 లక్షల డాలర్లు కట్టారనుకోండి, మొదటి ఏడాది సగం ఏడాది లెక్క కాబట్టి మినహాయింపు వచ్చేది 10 వేల డాలర్లకే. మిగతా 2 లక్షల 90 వేలు చేతిలోంచి వెళ్ళిపోయినా, పన్ను లెక్కలో ఆ ఏడాదికి ఖర్చు కింద రావు. "అదే డబ్బుతో ఆరుగురు" అన్న లెక్క ఇక్కడే మారిపోతుంది. మీ కంపెనీ సీపీఏతో (అకౌంటెంట్‌తో) కూర్చుని ఈ ఒక్క విషయం తేల్చాకే సంతకం పెట్టమనండి.

కాంట్రాక్ట్ లాయర్ చూస్తాడు కానీ, ఇండియా వైపు సంగతులు ఇక్కడి లాయర్‌కి తట్టకపోవచ్చు. ఇండియా కాపీరైట్ చట్టంలో ఉద్యోగి రాసింది కంపెనీకి చెందుతుంది, ఫ్రీలాన్సర్ రాసింది మామూలుగా ఆ ఫ్రీలాన్సర్‌దే, రాతపూర్వకంగా బదిలీ చేసేదాకా. వెండర్, అంటే ఆ హైదరాబాద్ కంపెనీ, ఫ్రీలాన్సర్లని పెట్టుకుంటే వాళ్ళ సంతకాలు కూడా కావాలి. ఆ బదిలీ పత్రంలో ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్ళకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే అని చట్టం లెక్కేస్తుంది. కాబట్టి "ప్రపంచమంతటా, శాశ్వతంగా" అన్న మాటలు ఉండి తీరాలి. పేచీ వస్తే టెక్సాస్ కోర్టు తీర్పు తీసుకెళ్ళి హైదరాబాద్‌లో నేరుగా అమలు చేయించలేరు, ఆ తీర్పుని ఆధారంగా పెట్టుకుని అక్కడ మళ్ళీ దావా వేయాలి. ఆర్బిట్రేషన్ అవార్డ్ (మధ్యవర్తి ఇచ్చే తీర్పు) అయితే న్యూయార్క్ కన్వెన్షన్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద అమలుకి దారి ఉంది, ఆ క్లాజ్ పెట్టించండి.

నిజం చెప్పాలంటే మీ సైజు కంపెనీ అంత దూరం వెళ్ళి పోరాడలేదు. మీకు అసలు రక్ష తాళంచెవులు మీ దగ్గర ఉండటమే. కోడ్ రిపో (కోడ్ అంతా దాచే చోటు), క్లౌడ్ రూట్ అకౌంట్ (అన్ని అధికారాలూ ఉండే అకౌంట్), డొమైన్, యాపిల్, గూగుల్ ప్లే అకౌంట్లు మొదటి రోజు నుంచి మీ కంపెనీ పేరు మీద ఉండాలి, వాళ్ళకి మీరు యాక్సెస్ ఇవ్వాలి. రోజూ కోడ్ మీ రిపోలోకే రావాలి, "రిలీజ్ అప్పుడు ఇస్తాం" అంటే ఒప్పుకోవద్దు. ప్రొడక్షన్ డేటా వాళ్ళ ల్యాప్‌టాప్‌లకి వెళ్ళకూడదు. పేమెంట్ నెలనెలా, ఆ నెల చూపించిన పనిని బట్టి. పని తెలియని మొదటి దశలో ఫిక్స్‌డ్ బిడ్‌కి (మొత్తం పనికి ముందే ఒకే ధర) వెళ్ళకండి, అక్కడి నుంచి ప్రతి మార్పూ చేంజ్ రిక్వెస్ట్ పేరుతో కొత్త బేరం అవుతుంది.

ఎలా మొదలుపెట్టాలంటే, ఆరుగురితో వద్దు, ఇద్దరు డెవలపర్లు, ఒక టెస్టర్‌తో మొదలుపెట్టండి. డిస్పాచ్ ఇంజిన్ జోలికి పోకుండా విడిగా ఉండే పని ఇవ్వండి, ఇన్వాయిస్ రిపోర్టుల లాంటిది, రెండు నెలల్లో కస్టమర్ చేతికి వెళ్ళేది. వాళ్ళ సీనియర్‌ని మొదట్లోనే రెండు వారాలు డల్లాస్‌కి పిలిపించి, మీ కస్టమర్ ఆఫీసులో డిస్పాచర్ పక్కన కూర్చోబెట్టండి. వీసా కుదరకపోతే మీరైనా హైదరాబాద్ వెళ్ళండి. ఆ ప్రయాణం ఖర్చుకి ఓనర్ వెనకాడితే, నేను పైన చెప్పిన అర్ధరాత్రి కౌంటర్ ఉదాహరణ చూపించండి.

ముగ్గురిలో కనీసం ఒకరిని ఉంచమని గట్టిగా అడగండి, కనీసం ఏడాది. ఎవరిని అంటే, అందరికన్నా వేగంగా కోడ్ రాసే మనిషిని కాదు, శుక్రవారం రాత్రి సిస్టమ్ ఆగితే సపోర్ట్ వాళ్ళు ఎవరికి ఫోన్ చేస్తారో ఆ మనిషిని. అతనికి ఇప్పుడే చెప్పాలి, ఉద్యోగం ఉంటుందని, జీతం తగ్గదని, పని రివ్యూ వైపు మారుతుందని. మిగతా ఇద్దరికీ విషయం దాచిపెట్టి కేటీ చేయించుకోవాలని చూస్తే ఇద్దరూ పసిగడతారు, ఆ కేటీలో సగమే వస్తుంది, అలా చేయడం మనుషులకి అన్యాయం కూడా. తేదీ ముందే చెప్పి, చివరిదాకా ఉంటే బోనస్ రాసివ్వమనండి. దీనికి ఓనర్ ఒప్పుకుంటే మీరు కోఆర్డినేటర్‌గా దిగండి. ఒప్పుకోకపోతే మీ అభ్యంతరం మెయిల్‌లో మర్యాదగా రాసిపెట్టి, ఆ పదవి వద్దని చెప్పండి.